మచ్చ ఉన్నవాళ్ళకి ప్రీ-మెడికల్: బెంగళూరు ప్యాకేజీల్లో సరుకెంత?

బెంగళూరులో డిఫెన్స్ ప్రీ-మెడికల్ పేరుతో, అంటే సైన్యం చేసే అసలు మెడికల్‌కి ముందు మనమే చేయించుకునే చెకప్ పేరుతో, దొరికే సేవలు మూడు రకాలు. కోచింగ్ సెంటర్లు తమ దగ్గర చదివే పిల్లలకి ఫీజులో కలిపో, విడిగానో చేయించే చెకప్ ఒకటి. డయాగ్నస్టిక్ ల్యాబులు ఎప్పటి ఫుల్ బాడీ చెకప్‌కే ఆలివ్ గ్రీన్ చొక్కా తొడిగి అమ్మేది రెండోది. సర్వీసులో పనిచేసి రిటైరైన డాక్టరు తన క్లినిక్‌లో అరగంటో గంటో కూర్చోబెట్టి చూసేది మూడోది. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి మెజెస్టిక్‌లో దిగేవాళ్ళూ, మారతహళ్ళి పీజీల్లో ఉండి ఉద్యోగం చేస్తూ సైన్యంలో ఆఫీసర్ ఎంట్రీకి సీడీఎస్ పరీక్ష రాసేవాళ్ళూ ఈ మూడింటి దగ్గరికీ వెళ్తుంటారు.

ఒంటి మీద ఆపరేషన్ మచ్చ లేనివాళ్ళకి వీటిలో ఏదైనా పెద్ద తేడా ఉండదు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగినవాళ్ళకి, బైకు ప్రమాదంలో కాలికి రాడ్డు పడ్డవాళ్ళకి, హెర్నియా కోయించుకున్నవాళ్ళకి, అద్దాలు పోవడానికి లేసిక్ అనే కంటి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి మాత్రం తేడా చాలా ఉంటుంది. ఈ రివ్యూ వాళ్ళకోసం. తీర్పు ముందే చెప్పేస్తాం: కోచింగ్ చెకప్‌కి అయిదుకి మూడు, ల్యాబు ప్యాకేజీకి రెండు, మంచి రిటైర్డ్ సర్జన్ దొరికితే నాలుగున్నర. ఆ తగ్గించిన అర మార్కు ఎందుకో కింద ఉంది.

అసలు లెక్క క్యాలెండర్‌ది. ఏ ప్యాకేజీ బ్రోచర్‌లోనూ ఇది కనపడదు. ఆఫీసర్ ఎంట్రీలో ఎస్‌ఎస్‌బీలో (రాతపరీక్ష తర్వాతి ఇంటర్వ్యూల్లో) రికమెండ్ అయినవాళ్ళకి స్పెషల్ మెడికల్ బోర్డు జరుగుతుంది. కబ్బన్ రోడ్డులోని సెలక్షన్ సెంటర్ సౌత్‌లో ఆ ఇంటర్వ్యూ గట్టెక్కిన చాలామందికి అది పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని కమాండ్ హాస్పిటల్ ఎయిర్ ఫోర్స్‌లోనే. అక్కడ అన్‌ఫిట్ అంటే అప్పీల్ మెడికల్ బోర్డుకి వెళ్ళొచ్చు, దానికి గడువు 42 రోజులు. అక్కడా కాదంటే రివ్యూ బోర్డు అడగొచ్చు కానీ అది అడిగిన ప్రతివాళ్ళకీ వచ్చేది కాదు, కేసు చూసి ఇస్తారు. ఇప్పుడు ఎముకలో ప్లేటు ఉన్న కుర్రాడి సంగతి చూడండి. ప్లేటు ఉన్నంతకాలం అన్‌ఫిట్. తీయించాక కనీసం 12 వారాలు గడిస్తేనే మళ్ళీ చూస్తారు. 12 వారాలంటే 84 రోజులు. బోర్డు చెప్పిన మర్నాడే వెళ్ళి తీయించుకున్నా అప్పీలు గడువుకి రెట్టింపు కాలం కావాలి. హెర్నియా ఆపరేషన్‌కి ఆరు నెలలు. అదసలు లెక్కలోకే రాదు.

కాబట్టి ప్రీ-మెడికల్ చేయించాల్సింది ఎస్‌ఎస్‌బీ అయ్యాక కాదు, రాతపరీక్షకి అప్లికేషన్ పెట్టేటప్పుడు. 42 రోజుల్లో చక్కబడేవి చెవిలో గుబిలి, పుచ్చుపళ్ళు, కొద్దిపాటి బరువు లాంటివే. చాకు తగిలే చాలా పనులకి ఆ ఆరు వారాలు చాలవు. అగ్నివీర్ ర్యాలీలో గడువు ఇంకా బిగుతు. అక్కడి డాక్టరు అన్‌ఫిట్ అని రివ్యూకి రాస్తే, చెప్పిన మిలిటరీ హాస్పిటల్‌లో 5 రోజుల్లో హాజరై 14 రోజుల్లో ముగించుకోవాలి. ఇంకో మాట, బెంగళూరులో ఎన్నేళ్ళున్నా ర్యాలీ సొంత జిల్లాని బట్టే. రాయలసీమ కుర్రాళ్ళది గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు పరిధి. ఇక్కడి చెకప్ సెంటరువాళ్ళు "మా ర్యాలీలో ఇలా చూస్తారు" అని చెప్పే కర్ణాటక కబుర్లు మీకు అక్కరకి రావు.

ఇక సేవల సంగతి.

కోచింగ్ చెకప్‌లో మెచ్చుకోవాల్సింది ఆ గదిలో నిలబడే మనిషిని. చాలాచోట్ల ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి వచ్చిన పెద్దమనిషి ఉంటాడు. వేల మందిని బనీను విప్పించి చూసిన కన్ను. కుర్రాడు గుమ్మం దాటి నడిచి వచ్చేలోపే మోకాళ్ళు రాసుకుంటున్నాయా, పాదం చదునుగా పడుతోందా, ఒక భుజం కిందికి ఉందా అని పట్టేస్తాడు. మోకాళ్ళు తాకీ తాకనట్టు ఆనించి నిలబెట్టి, చీలమండల లోపలి ఎముకల మధ్య దూరం కొలుస్తాడు. మగవాళ్ళకి అది 5 సెంటీమీటర్లు దాటితే అన్‌ఫిట్. తొడలు లావుగా ఉన్నవాడు మోకాళ్ళు నొక్కి నిలబడితే కొలత తప్పుగా పెరుగుతుంది. అది తెలిసిన మనిషి "వదులుగా నిలబడు నాయనా" అని రెండోసారి కొలుస్తాడు. పాదం చదునుగా ఉంటే మునివేళ్ళ మీద లేవమంటాడు. లేచినప్పుడు పాదం కింద గూడు కనపడి, నొప్పి లేకుండా వేళ్ళ మీద గెంతగలిగితే అది ఒప్పుకునే పాదమే. ఈ పనికి ఎంత తీసుకున్నా డబ్బు దండగ కాదు.

తేలిపోయేది మచ్చ దగ్గర. పొద్దున ఎనిమిదికి మొదలెట్టి పన్నెండులోపు నలభై మందిని పంపాలి. మచ్చ చూసి "ఎప్పుడయింది, మానిందా, సరే" అని పక్కన టిక్కు పెట్టి పంపేస్తారు. మచ్చ మానడం ఇక్కడ ప్రశ్నే కాదు. దాని కింద ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, దానికి కాగితం ఉందా అన్నవే ప్రశ్నలు.

మోచెయ్యినే తీసుకుందాం, మనవాళ్ళలో ఎక్కువగా కనపడేది అదే. ఆరేడేళ్ళ వయసులో గోడ మీంచి పడి మోచెయ్యి విరగడం, పుత్తూరు కట్టో ఊళ్ళో నాటు కట్టో కట్టించడం, లేదా కర్నూలు పెద్దాసుపత్రిలో రెండు తీగలు గుచ్చి మూడు నాలుగు వారాలకి పీకేయడం. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి ఇంట్లో అందరూ దాన్ని "చెయ్యి విరిగింది" అని ఒక్కమాటలో చెబుతారు. బోర్డుకి ఆ ఒక్కమాట చాలదు. భుజం ఎముక, అంటే భుజం నుంచి మోచెయ్యి దాకా ఉండేది, దాని కింది భాగం కీలుకి కాస్త పైన విరిగితే అది కీలులోకి వెళ్ళని విరుపు. అదే ఎముక బయటి అంచు, లేటరల్ కాండైల్ అనే ముక్క, విరిగితే చీలిక కీలులోకి దిగుతుంది. భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్ళలోకి దిగిన విరుపు ఆపరేషన్ అయినా కాకపోయినా, లోపల లోహం ఉన్నా లేకపోయినా అన్‌ఫిట్. కీలు బయటిదైతే, ఆపరేషన్ లేకుండా కట్టుతో మానిన పొడుగెముకకి 9 నెలలు గడిచి, వంకర లేకుండా, నరం దెబ్బతినకుండా, కదలిక పూర్తిగా ఉంటే ఫిట్ కావచ్చు. ఒకే మోచెయ్యి, అంగుళం తేడాలో రెండు విరుపులు, రెండు ఫలితాలు. ఆ తేడా చెప్పేది అప్పటి ఎక్స్‌రే ఫిల్ము ఒక్కటే. కట్టు కట్టించినప్పుడు తీసిన ఫిల్ము ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉందేమో ముందు వెతికించండి, ఆ తర్వాతే బెంగళూరు బస్సెక్కండి.

విరుపు కీలు బయటిదే అయినా ఇంకో మెలిక ఉంది. ఆ రకం విరుపు సరిగా కూర్చోకపోతే మోచెయ్యి లోపలికి వంగుతుంది. అరచెయ్యి ముందుకి తిప్పి చెయ్యి చాపితే మామూలు చెయ్యి ఒంటికి కాస్త దూరంగా పోతుంది, దీన్ని క్యారీయింగ్ యాంగిల్ అంటారు. వంకరగా మానిన చెయ్యి ఒంటి వైపుకే వస్తుంది. లోపలి వంపు 5 డిగ్రీలు దాటినా, బయటి వంపు మగవాళ్ళకి 15, ఆడవాళ్ళకి 18 డిగ్రీలు దాటినా అన్‌ఫిట్. కొలిచేటప్పుడు మోచెయ్యి పూర్తిగా చాపాలి, అరచెయ్యి పూర్తిగా ముందుకి తిరగాలి. ఈ రెంటిలో ఏది సగంలో ఆగినా కోణం తగ్గి కనపడుతుంది. ఒక చెకప్ గదిలో గోనియోమీటర్ అనే కోణమానిని లేకుండా స్కూలు ప్రొట్రాక్టర్ పెట్టి కొలుస్తున్నారంటే, అక్కడ వచ్చిన 14 అనే అంకెని నమ్మి నిద్రపోవద్దు. రెండు చేతులూ కొలిచి రెండు అంకెలూ రాసివ్వమనండి. బాగున్న చేతికి 12, విరిగిన చేతికి మైనస్ 4 అని వస్తే తేడా కంటికే తెలుస్తుంది, గీతకి ఇవతల ఉన్నామా అవతలా అన్నదీ తేలుతుంది.

ల్యాబు ప్యాకేజీల మీద పెద్దగా చెప్పేదేం లేదు. అరవై డెబ్భై ప్యారామీటర్లని గొప్పగా వేస్తారు. అందులో విటమిన్ డి, థైరాయిడ్, మూడు రకాల కొలెస్ట్రాల్ ఉంటాయి. ఆపరేషన్ అయినవాళ్ళ సమస్య వీటిలో ఒక్కదానిలోనూ లేదు. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కాన్ బోర్డు ఎటూ తన దగ్గరే మళ్ళీ చేయిస్తుంది. బయటి రిపోర్టు చూపించి ఒప్పించడం జరగని పని. వాటిలో విడిగా కొనదగ్గది ఒక్కటి, పొట్ట అల్ట్రాసౌండ్. ప్యాకేజీ వద్దు, అదొక్కటే చేయండి అంటే చేస్తారు.

ఆ స్కాన్ కూడా సరిగా చేయించుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. తింటే గాల్ బ్లాడర్ (పిత్తాశయం) ముడుచుకుపోయి లోపల రాయి ఉన్నదీ లేనిదీ తేలదు. మూత్రాశయం నిండుగా ఉండాలి. రిపోర్టులో కిడ్నీ రాయి ఎంత చిన్నదైనా, ఒక్కటైనా సరే, బోర్డు దగ్గర అన్‌ఫిట్టే. రాయి తీయించుకున్నవాళ్ళు ఇక్కడే మోసపోతారు: ఆపరేషన్ తర్వాత ఒకసారి స్కాన్ బాగుందని వదిలేస్తారు, కొన్నేళ్ళలో కొత్తది పుట్టొచ్చు. అలాగే హడావుడిలో రాసే రిపోర్టుల్లో "చిన్న కాంక్రీషన్ ఉండవచ్చు" (రాయి లాంటి రేణువు) అన్న సందేహం మాట ఒకటి కనపడుతుంటుంది. ఆ మాట వస్తే ఊరుకోకండి, రెండు వారాలు నీళ్ళు బాగా తాగి వేరే రేడియాలజిస్టు దగ్గర మళ్ళీ చూపించుకోండి. లాప్రోస్కోపీలో, అంటే చిన్న గాట్ల ఆపరేషన్లో, గాల్ బ్లాడర్ తీయించుకున్నవాళ్ళకి 8 వారాలు గడిచి, లివర్ పరీక్షలూ స్కానూ బాగుండి, లోపల నీరు చేరకపోతే దారి ఉంది. స్ప్లీన్ (ప్లీహం) తీసేసినా, కిడ్నీ ఏ కారణంతో తీసినా దారి లేదు. ఆ ఆపరేషన్లు అయినవాళ్ళ దగ్గర కూడా ప్యాకేజీ డబ్బు కట్టించుకునే ల్యాబులకి ఆ రెండు మార్కులు కూడా ఎక్కువే.

మూడో రకం, రిటైర్డ్ డాక్టరు. ఇందిరానగర్, దొమ్మలూరు, హెచ్ఏఎల్ వైపు ఇలాంటివాళ్ళు ఎక్కువ. చుట్టూ కంటోన్మెంటు, ఎయిర్ ఫోర్స్ వాతావరణం కదా. ఇక్కడ కొనేది పరీక్ష కాదు, కాగితం చదివే కన్ను. మంచి డాక్టరు ముందు మిమ్మల్ని ముట్టుకోడు, ఫైలు అడుగుతాడు. డిశ్చార్జి సమ్మరీ తేదీ, ఆపరేషన్ నోటు, ఎక్స్‌రేలు వరస పెట్టి, ఒక తెల్లకాగితం మీద మీ ఆపరేషన్ తేదీ నుంచి మీ బోర్డు రాగల నెల వరకు గీత గీసి వారాలు లెక్కేస్తాడు. ఆ గీత గీసే డాక్టరు దొరికితే ఫీజు గురించి బేరమాడకండి.

అర మార్కు తగ్గించింది ఎందుకంటే అందరూ అన్నీ చూడలేరు. ఫిజీషియన్‌గా రిటైరైన ఆయన గుండె, బీపీ బ్రహ్మాండంగా చూస్తాడు, మోకాలి లిగమెంటు వదులుని వేళ్ళతో పట్టలేకపోవచ్చు. ఎముక కేసైతే ఆర్థోపెడిక్ సర్జనే కావాలి, చెవైతే ఈఎన్‌టీ, లేసిక్ అయితే కంటి డాక్టరు. ఇంకోటి, ప్రమాణాలు మారుతుంటాయి. పదేళ్ళ కిందట రిటైరైన డాక్టరు అప్పటి అంకెలతో చెప్పొచ్చు. ఫోన్‌లో అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే మీ ఎంట్రీ నోటిఫికేషన్ చివర మెడికల్ ప్రమాణాలుండే అనుబంధం ప్రింటు తెస్తామని చెప్పండి. "తెండి, చూద్దాం" అంటే మంచి డాక్టరు. "అదంతా నాకు తెలుసులే" అంటే ఇంకోచోటు వెతకండి.

లేసిక్ విషయంలో ఈ తేడా స్పష్టంగా బయటపడుతుంది. ఆర్మీ ఆఫీసర్ ఎంట్రీ లెక్క ఇది: ఆపరేషన్ నాటికి 20 ఏళ్ళు దాటి ఉండాలి, ఆపైన 12 నెలలు గడవాలి, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మధ్యలో మందం 450 మైక్రాన్లకి తగ్గకూడదు, కంటి పొడవు ఐఓఎల్ మాస్టర్ అనే కొలిచే యంత్రం మీద 26 మిల్లీమీటర్లు దాటకూడదు, మిగిలిన పవరు ప్లస్ లేదా మైనస్ 1 లోపు ఉండాలి, రెటీనా ఆరోగ్యంగా ఉండాలి. అంటే 21 నిండకుండా ఎవరూ లేసిక్‌తో బోర్డు ముందు నిలబడలేరు, ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత చేరే అకాడమీ) వయసు పిల్లలకి ఆ తలుపు లేనట్టే. నేవీలో సబ్‌మెరైన్, డైవింగ్, మార్కో (నేవీ కమాండో) శాఖలకి లేసిక్ ఒప్పుకోరు. కార్నియాకి గాట్లు పెట్టే పాతకాలపు రేడియల్ కెరటాటమీ అయితే ఎక్కడా కుదరదు.

ఇక్కడ జనం తప్పేది పవరు పోతే కన్ను బాగయిపోయింది అనుకోవడం దగ్గర. లేసిక్ కార్నియాని చెక్కుతుంది కానీ కన్ను పొడవు తగ్గించదు. మైనస్ 8 ఉన్న కన్ను పొడుగ్గా ఉంటుంది, అద్దాలు పోయాక కూడా అంతే పొడుగ్గా ఉంటుంది, ఐఓఎల్ మాస్టర్ దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మందం లెక్క కూడా ముందే వేసుకోవచ్చు. ఒక్కో పవరుకి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కుతారు. 540 మైక్రాన్ల కార్నియా మీద మైనస్ 6 తీస్తే 70 నుంచి 90 మైక్రాన్లు పోతాయి, మిగిలేది 450 నుంచి 470, అంటే గీతకి ఆనుకునే. కాబట్టి లేసిక్‌కి ముందే కంటి ఆసుపత్రిలో ప్యాకిమెట్రీ (కార్నియా మందం), కంటి పొడవు రెండూ తీయించి, ఆ అంకెలు చూసుకున్నాకే సంతకం పెట్టండి. చేయించుకున్నవాళ్ళు ఆపరేషన్‌కి ముందరి పవరు రాసిన కాగితం తప్పకుండా సంపాదించాలి. ఎయిర్ ఫోర్స్‌లో ముందరి పవరు 6 దాటితే తోసేస్తారు. ఆ కాగితం లేకపోతే మీరు 5 అని నోటితో చెప్పినదానికి విలువ లేదు. ఆసుపత్రులు ఈ రికార్డు అడిగితే ఇస్తాయి, కాకపోతే ఆపరేషన్ నాటి ఐడీ నంబరు కావాలి.

ప్లేట్లు, రాడ్ల దగ్గరికి మళ్ళీ వస్తే, "తీయించేసుకో, అయిపోతుంది" అని ఏ చెకప్ సెంటరులోనైనా ఎవరైనా చటుక్కున చెబితే ఆగండి. లోహం ఉండగా ఎందుకు వద్దంటారంటే, బరువు మోస్తూ పరుగెత్తేటప్పుడు ప్లేటు చివర ఎముక మీద ఒత్తిడంతా పోగవుతుంది, అక్కడ మళ్ళీ విరగొచ్చు. తీశాక స్క్రూలు ఉన్న చోట బొక్కలు మిగులుతాయి, అవి నిండేదాకా ఎముక బలహీనంగా ఉంటుంది. 12 వారాలు కనీస గడువు. ముంజేతి ప్లేట్లు తీశాక మళ్ళీ విరిగే ప్రమాదం ఎక్కువ. భుజం ఎముక ప్లేటు తీసేటప్పుడు దాన్ని చుట్టుకుని పోయే రేడియల్ నరం దెబ్బతినొచ్చు, అప్పుడు మణికట్టు పైకి లేవదు. కాబట్టి వేసిన సర్జన్‌నే అడిగి, ఎముక పూర్తిగా అతికిందని ఎక్స్‌రేలో చూసుకుని దిగాలి. తీసేటప్పుడు ఒక స్క్రూ తల విరిగి మిగతా ముక్క లోపల ఉండిపోవడం అరుదేం కాదు. ఆ ముక్క ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది, బోర్డు దగ్గర అదీ లోహమే. డిశ్చార్జి కాగితం మీద మొత్తం లోహం తీసేశామన్న వాక్యం ఉండేలా చూసుకోండి, తర్వాత రెండు వైపుల నుంచి, పైకీలు కిందికీలు రెండూ కనపడేలా ఎక్స్‌రే తీయించండి.

ఖర్చుపెట్టక్కర్లేని కేసులు కొన్ని ఉన్నాయి. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు కొత్తది వేయించుకున్నవాళ్ళు, భుజం పదేపదే జారినవాళ్ళు, దానికి ఆపరేషన్ అయినా సరే, అన్‌ఫిట్. ఆపరేషన్ చేసిన వెరికోస్ వెయిన్స్ ఆర్మీలో అదే వరస. వీళ్ళకి ఎంఆర్ఐ తీయించి "బాగానే ఉంది, ట్రై చెయ్యండి" అని ఆశ పెట్టే చోట్లు ఉన్నాయి. ఎంఆర్ఐ ఎంత శుభ్రంగా ఉన్నా నియమం అక్కడ ఏం జరిగింది అన్నదాని మీదే. ఇంకోపక్క అనవసరంగా బెంగపడేవాళ్ళూ ఉన్నారు. ముక్కు దూలం సరిచేయించుకుని గాలి బాగా ఆడుతూ, దూలానికి రంధ్రం లేకపోతే కాస్త మిగిలిన వంకరని ఒప్పుకుంటారు. హైడ్రోసీల్ ఆపరేషన్ తర్వాత వృషణం, దాని తాడు బాగుండి, బోదకాలు జాడ లేకపోతే సరిపోతుంది. హెర్నియాకి ఆరు నెలలు దాటి, మళ్ళీ రాకుండా, పొట్ట కండరం గట్టిగా ఉండి, తేదీ చూపే కాగితం ఉంటే చాలు.

చెవి ఆపరేషన్ వాళ్ళకి ఒక హెచ్చరిక. కర్ణభేరికి అతుకు వేయించుకున్నవాళ్ళు మెడికల్‌కి ముందు గుబిలి తీయించుకోవడానికి మామూలు క్లినిక్‌కి వెళ్ళి నీళ్ళు కొట్టించుకోవద్దు. అతుకు ఊడే ప్రమాదం ఉంది. ఈఎన్‌టీ దగ్గర మైక్రోస్కోప్ కింద సక్షన్‌తోనే తీయించుకోవాలి, అదీ వారం పది రోజుల ముందే. కోచింగ్ చెకప్‌లో చివరిరోజు అందరికీ కలిపి చెవులు కడిగే కార్యక్రమం ఒకటి ఉంటుంది. ఆ వరసలో నిలబడకండి. వినికిడి 610 సెంటీమీటర్ల దూరం నుంచి గుసగుసతో చూస్తారు. ఇరవై అడుగులు, ఇంట్లో హాలు చాలదు, మేడ మీద ప్రాక్టీసు చేసుకోవచ్చు.

దాచడం గురించి కొన్ని చోట్ల ఇచ్చే సలహా చూస్తే ఒళ్ళు మండుతుంది. "ఫారంలో రాయకు, అడిగితే చిన్నప్పటి దెబ్బ అను" అంటారు. ఏఎఫ్ఎంఎస్ఎఫ్-2 అనే ఫారంలో పాత జబ్బులు, ఆపరేషన్లు మీ సంతకంతోనే రాయాలి. బొడ్డు దగ్గరా పొట్ట మీదా మూడు నాలుగు చిన్న గాట్లు చూస్తే లాప్రోస్కోపీ అని ఏ సర్జన్‌కైనా తెలుస్తుంది. గాల్ బ్లాడర్ లేదని స్కాన్ చెబుతుంది. స్క్రూ బొక్కల గుర్తులు ఎక్స్‌రేలో ఏళ్ళ తరబడి ఉంటాయి. దొరికాక అడిగేది ఆపరేషన్ గురించి కాదు, సంతకం గురించి. మచ్చ కనపడకుండా లేజర్ చేస్తామని, బోర్డులో మాకు మనుషులున్నారని చెప్పే చోటికి ఫోన్ కూడా చేయకండి. ఈ సేవల్లో దేనికీ ఏ బోర్డుతోనూ సంబంధం లేదు. ఉందంటే అది అబద్ధం.

ఎక్కడికి వెళ్ళినా ఫైలు మీరే కట్టుకోవాలి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోటు, లోహం వేసి ఉంటే వేసినదీ తీసినదీ రెండు కాగితాలు, ముందూ తర్వాతా ఎక్స్‌రే ఫిల్ములు, ముక్క తీసి పరీక్షకి పంపి ఉంటే ఆ రిపోర్టు, ఒరిజినల్‌తో పాటు రెండు సెట్ల జిరాక్సు. ఆరోగ్యశ్రీలో అయిన ఆపరేషన్ అయితే కేసు షీటు ఆ ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో అడగాలి, ఆరోగ్యశ్రీ కేసు నంబరు ఉంటే పని త్వరగా అవుతుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు రాసే "సైన్యానికి ఫిట్" అన్న సర్టిఫికెట్‌కి బరువు లేదు, ఏం చేశారో ఏ తేదీన చేశారో రాసిన కాగితానికే ఉంది.

బుక్ చేసుకునేముందు ఒక చిన్న సంగతి. చాలా ల్యాబులు ఇప్పుడు ఎక్స్‌రే ఫిల్ము ఇవ్వకుండా వాట్సాప్‌లో ఫొటో పంపుతున్నాయి. అందులో స్కేలు పోతుంది, సన్నని చీలిక కనపడదు. ఫిల్మే కావాలని ముందే చెప్పండి, పేరు, తేదీ, కుడో ఎడమో ఫిల్ము మీదే అచ్చయి ఉందో లేదో కౌంటర్ దగ్గరే వెలుతురుకి ఎత్తి చూసుకుని తీసుకోండి. కుడి చేతి ఫిల్ము మీద ఎడమ అని పడితే మళ్ళీ తీయించాలి, పెన్నుతో దిద్దిన ఫిల్ము పనికిరాదు.